నెగెటివ్ రిపోర్టు వెనకాల

కంప్యూటర్లో ఒక ఫైలుని చెరిపేసి, ఆ తరవాత చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారనుకోండి. ఫైలు పోయినట్టేనా? మీ ఇంట్లో హైస్కూలు చదివే పిల్లల్ని అడిగి చూడండి, "పోయినట్టు కనిపిస్తుంది, అంతే" అంటారు. పాత తరహా హార్డు డిస్కుల్లో జరిగేది సరిగ్గా అదే. జాబితాలోంచి పేరు ఎగిరిపోతుంది గాని, దాని మీద ఇంకొకటి రాసేదాకా సరుకు అక్కడే పడి ఉంటుంది. జాబితా చూసినవాడికి లేదు, డిస్కు తిరగేసినవాడికి ఉంది.

ఇరవై ఏళ్ళ పైబడి నా జీతం ఇలాంటి "లేదు"లని నమ్మకపోవటం మీదే నడుస్తోంది. అందుకే కాబోలు, హెపటైటిస్ బి వైరస్ గురించి చదవటం మొదలెట్టాక ఆపబుద్ధి కాలేదు. ఈసారి మన శీర్షికలో దాని గురించే. ముందే చెప్పేస్తున్నాను, నేను వైద్యుణ్ణి కాను. మన సంఘంలో నిజం డాక్టర్లు బోలెడంత మంది ఉన్నారు. ఇది చదివాక ఏమైనా సందేహాలుంటే పిక్నిక్కులో పులిహోర వడ్డించే వేళకి వాళ్ళని పట్టుకోండి. వాళ్ళకి అలవాటే.

హెపటైటిస్ బి అంటే కాలేయానికి, అదే మన లివర్‌కి, పట్టే వైరస్. రక్తం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకి, శారీరక సంబంధం వల్ల, ఒకరికి వాడిన సూదో బ్లేడో ఇంకొకరికి వాడటం వల్ల అంటుకుంటుంది. కలిసి భోంచేస్తే రాదు. కౌగిలించుకుంటే రాదు. ఒకే గ్లాసుతో మంచినీళ్ళు తాగినా రాదు. ఈ ముక్క రెండుసార్లు చదవండి, ఎందుకో తరవాత చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో 25 కోట్ల 40 లక్షల మందికి ఇది దీర్ఘకాలికంగా ఉంది. అందులో దాదాపు 3 కోట్ల మంది భారతదేశంలోనే. ఆ ఒక్క ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద దీనివల్ల పోయినవాళ్ళు 11 లక్షల మంది.

మన తరం వాళ్ళకి ఇది ఎక్కడ తగిలి ఉంటుందని అడిగితే చెప్పటం కష్టం కాదు. ఊళ్ళో ఆర్ఎంపీ డాక్టరు గారి స్టీలు డబ్బా గుర్తుందా? గాజు సిరంజి, సూది, అడుగున కాసిని వేణ్ణీళ్ళు. నీళ్ళు సరిగ్గా మరిగిన రోజు అదృష్టం, మరగని రోజు ఊరందరి రక్తం ఒకే సూదికి చుట్టాలు. మంగలి కత్తి, తిరణాల్లో పచ్చబొట్టు, చెవులు కుట్టించటం, ఇవన్నీ దారులే. అయితే అన్నిటికంటే పెద్ద దారి తల్లి నుంచి బిడ్డకి. ఇందులో ఒక చిత్రం ఉంది. పుట్టగానే ఈ వైరస్ సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది శాశ్వతంగా ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురికి కూడా ఉండదు, మిగతా వాళ్ళ ఒళ్ళు దాన్ని తరిమేస్తుంది. తరిమేస్తుందనే పుస్తకాల్లో రాసి ఉంటుంది. మన కథ ఆ "తరిమేయటం" దగ్గరే మొదలవుతుంది.

ఈ వైరస్ మొత్తం ప్రోగ్రాము సుమారు 3,200 అక్షరాలు. జన్యువుల భాషలో ఉన్నవి నాలుగే అక్షరాలు కనక ఒక్కో దానికి రెండు బిట్లు చాలు. అంటే అంతా కలిపి 800 బైట్లు. ఈ పేజీ పైన వేసే నా ఫొటో అంతకు కొన్ని వందల రెట్లు. పైగా ఆ కొంచెం చోటులోనే నాలుగు జన్యువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఒకే వరసని ఒక అక్షరం జరిపి చదివితే ఒక ప్రొటీను, జరపకుండా చదివితే ఇంకొకటి. ఇంత పొదుపైన కోడు నేనైతే ఏ ప్రాజెక్టులోనూ చూడలేదు, రాసినవాడు కనిపిస్తే దణ్ణం పెట్టి ఉద్యోగం ఇప్పిస్తాను.

ఈ 800 బైట్లు లివర్ కణంలోకి దూరి, కణం మధ్యనున్న కేంద్రకం దాకా పోయి, అక్కడ గుండ్రటి ఉంగరంలాగా చుట్టుకుని స్థిరపడతాయి. ఆ ఉంగరమే అసలు దొంగ. వైరస్‌ని అణిచే మందులు మనకి ఉన్నాయి. ఎంటెకవిర్, టెనోఫోవిర్ అని రోజుకొక మాత్ర. అవి కొత్త కాపీలు తయారు కాకుండా ఆపుతాయి గాని ఈ ఉంగరాన్ని పీకి పారెయ్యలేవు. మన ఒంట్లోని రక్షక దళం కూడా చాలాసార్లు దాని నోరు నొక్కగలదు గాని దాన్ని పూర్తిగా తుడిచెయ్యలేదు.

ఇక పరీక్ష సంగతి. మామూలుగా "హెపటైటిస్ బి టెస్టు" అని ల్యాబులో చేసేది సర్ఫేస్ యాంటిజెన్ పరీక్ష. రిపోర్టులో హెచ్‌బిఎస్‌ఏజి అని ఉంటుంది. ఇది వైరస్‌ని వెతకదు, వైరస్ తొడుక్కునే చొక్కాని వెతుకుతుంది. ఈ వైరస్‌కి ఒక పిచ్చి అలవాటు. తనకి కావలసిన దానికంటే వేల రెట్లు ఎక్కువ చొక్కాలు కుట్టి, లోపల ఎవరూ లేని ఖాళీ చొక్కాలని రక్తంలోకి వదులుతుంది. అందుకే పరీక్ష అంత బాగా పనిచేస్తుంది. దండెం మీద చొక్కాలు ఆరేసి ఉన్నాయంటే ఇంట్లో మనిషి ఉన్నట్టే.

ఈ చొక్కా మొదట కంటబడిన కథ కూడా సరదాగానే ఉంటుంది. బరూక్ బ్లంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు అసలు హెపటైటిస్ మీద పని చెయ్యటమే లేదు. దేశదేశాల మనుషుల రక్తంలో తేడాలు వెతుక్కుంటున్నాడు. పదే పదే రక్తం ఎక్కించుకున్న ఒక న్యూయార్క్ హీమోఫీలియా రోగి సీరం, ఒక ఆస్ట్రేలియా ఆదివాసి సీరంతో కలిపితే స్పందించింది. 1965లో దానికి "ఆస్ట్రేలియా యాంటిజెన్" అని పేరు పెట్టి ప్రకటించారు. అది హెపటైటిస్ బి వైరస్ చొక్కా అని తేలటానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. 1976లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. అమెరికా బ్లడ్ బ్యాంకులు 1970ల మొదట్లోనే ఈ పరీక్ష మొదలుపెట్టాయి. రక్తం ఎక్కించుకుంటే వచ్చే కామెర్లు గణనీయంగా తగ్గాయి.

గణనీయంగా తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. చొక్కా పరీక్షలో నెగెటివ్ వచ్చిన రక్తం ఎక్కించినా కొందరికి హెపటైటిస్ బి వచ్చింది. 1978లో హూఫ్‌నాగిల్, ఆయన సహచరులు కారణం చూపించారు. ఆ దాతల రక్తంలో యాంటిజెన్ లేదు గాని, వైరస్ లోపలి గుల్లకి విరుగుడుగా ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీ ఉంది. అంటే దండెం మీద చొక్కాల్లేవు. మనిషి మాత్రం లోపల గదిలో పడుకుని ఉన్నాడు.

దీన్నే ఇప్పుడు దాగి ఉన్న హెపటైటిస్ బి అంటున్నారు. ఇంగ్లీషులో దీనికి వాడే "అకల్ట్" అనే మాట వినగానే మనకి చేతబడి గుర్తొస్తుంది గాని, వైద్యుల భాషలో దానికి కనబడనిది అనే అర్థం. 2008లో సిసిలీ ద్వీపంలో టావోర్మినా అనే ఊళ్ళో నిపుణులు కూర్చుని నిర్వచనం రాశారు. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఎట్నా అగ్నిపర్వతం, నిర్వచనాలు రాసుకోటానికి చోటు బాగానే ఎంచుకున్నారు. 2018లో మళ్ళీ కలిసి, దాన్ని సవరించి 2019లో ప్రచురించారు. సారాంశం ఇదీ: సర్ఫేస్ యాంటిజెన్ నెగెటివ్‌గా ఉన్న మనిషి లివర్‌లో, తిరిగి పెరగగల సత్తా ఉన్న వైరస్ డీఎన్ఏ ఉండటం, లేదా రక్తంలో వైరస్ డీఎన్ఏ కనిపించటం. రక్తంలో కనిపించినా చాలా కొద్దిగానే, మామూలుగా మిల్లీలీటరుకి 200 యూనిట్లలోపే. ఒకసారి కనిపిస్తుంది, ఇంకోసారి కనిపించదు.

ఎందుకు దాక్కుంటుంది? ఎక్కువమందిలో మన రక్షక దళం దాన్ని అణిచి పెట్టటం వల్ల. కొందరిలో చొక్కా డిజైను మారిపోవటం వల్ల. చొక్కాలో ఒక కీలకమైన చోట ఒక్క గుండీ మారితే పరీక్ష దాన్ని పోల్చుకోలేకపోవచ్చు. మరి కొందరిలో హెపటైటిస్ సి వైరస్ కూడా అదే లివర్‌లో మకాం వేసి, బి ని మూల కూర్చోబెడుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాడికి ఈ దాగుడుమూతల వల్ల పెద్ద నష్టం లేదు. ఒక్కోసారి జీవితమంతా అలాగే గడిచిపోతుంది. లివర్ అప్పటికే దెబ్బతిన్న వాళ్ళ సంగతి వేరు. 1999లో ఇటలీ శాస్త్రజ్ఞులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన ప్రచురించారు. హెపటైటిస్ సి తో లివర్ జబ్బున్న 200 మందిని తీసుకున్నారు. అందరికీ బి యాంటిజెన్ నెగెటివే. వాళ్ళ లివర్ ముక్కలు పరీక్షిస్తే 66 మందిలో బి వైరస్ డీఎన్ఏ ఉంది. మూడింట ఒక వంతు! ఆ 66 మందిలో 22 మందికి సిరోసిస్, అంటే లివర్ గట్టిపడి ముడుచుకుపోవటం, అప్పటికే వచ్చేసింది. బి లేని 134 మందిలో సిరోసిస్ వచ్చినవాళ్ళు 26 మందే. శాతాల్లో చెప్పాలంటే ఇటు 33, అటు 19. ఆ తరవాత వచ్చిన పరిశోధనల్లో లివర్ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో కూడా ఈ దాగిన వైరస్ ఎక్కువగా కనిపించింది. దాక్కున్నది ఊరికే కూర్చోదు, దాని డీఎన్ఏ ముక్కలు మన క్రోమోజోముల్లోకి చొరబడగలవు. అది ఒక్కటే జబ్బు తెచ్చిపెట్టిందని ప్రతి కేసులోనూ చెప్పలేరు. మద్యం, షుగరు, కొవ్వు పట్టిన లివర్, ఇలా ఇంకో కారణం ఉన్నచోట అగ్నికి ఆజ్యంలా తోడవుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఇంతవరకూ పుస్తకంలో సంగతులు. ఇప్పుడు మా ఇంటి సంగతి.

గుడివాడ దగ్గర పల్లెలో ఉండే మా బాబాయి హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కాఫీ తప్ప ఇంకో వ్యసనం ఎరగని మనిషి. 2019లో పొట్ట ఉబ్బి, కాళ్ళు వాచి ఆస్పత్రికి వెళ్తే జలోదరం అన్నారు, సిరోసిస్ అన్నారు. డాక్టరు మొదటి ప్రశ్న, "ఏమండీ, మందు అలవాటుందా?" లేదండీ అంటే నమ్మనట్టు చూశారట. హెపటైటిస్ బి నెగెటివ్, సి నెగెటివ్, షుగరు కొద్దిగా ఉంది. కారణం తెలియని సిరోసిస్ అని రాసి ఫైలు కట్టేశారు.

ఫైలు కట్టేస్తే ఊరు ఊరుకుంటుందా? "మాస్టారు లోపల్లోపల పుచ్చుకునేవారన్నమాట" అన్నది రచ్చబండ తీర్మానం. ఆయన దగ్గర చదువుకున్న వాళ్ళే అన్నారు. మా పిన్ని పేరంటాలకి వెళ్ళటం మానేసింది. నేను ఫోన్ చేస్తే బాబాయి జబ్బు గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. "లివర్ పోతే పోయింది గానీ రా, ఈ వయసులో నాకీ పేరేమిట్రా" అన్నారొకసారి. నేను ఇక్కడ, ఆయన అక్కడ, మధ్యలో పదివేల మైళ్ళ దూరం. ఏం చెప్పను?

మా తమ్ముడు, అంటే బాబాయి కొడుకు, ఆయన్ని హైదరాబాదులో ఒక లివర్ స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి ముందు కబుర్లలోకి దిగారట. చిన్నప్పుడు కామెర్లు వచ్చాయా? వచ్చాయి, పసరు మందుతో తగ్గాయి. అమ్మగారు ఎలా పోయారు? పొట్ట ఉబ్బి పోయింది, అప్పట్లో పేరు తెలియదు. తోబుట్టువులెందరు? ముగ్గురు. అప్పుడావిడ రెండు కొత్త పరీక్షలు రాశారు. మొదటిది కోర్ యాంటీబాడీ, రెండోది వైరస్ డీఎన్ఏ. రెండూ పాజిటివ్. డీఎన్ఏ చాలా కొద్దిగా ఉంది, అయినా ఉంది.

ఆవిడ చెప్పిన మాట మాకందరికీ నచ్చింది. "ఇదొక్కటే కారణమని నేను రాసివ్వలేను. ఇది ఒకప్పుడు చాలా ఏళ్ళు గట్టిగా ఉండి, లివర్‌ని పాడుచేసి, ఆ తరవాత అణిగిపోయి ఉండొచ్చు. షుగరు కూడా కొంత చేసి ఉండొచ్చు. తాగుడు మాత్రం అయి ఉండాల్సిన పనిలేదు." ఆ చివరి వాక్యం మా పిన్నికి ఏ మందూ ఇవ్వలేని బలం ఇచ్చింది. బాబాయికి మాత్ర మొదలుపెట్టారు, ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండు చేస్తున్నారు. సిరోసిస్ ఏ కారణంతో వచ్చినా ఆ ఆరు నెలల స్కాను తప్పకూడదట, క్యాన్సర్ వస్తే చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవటానికి.

అసలు సంగతి ఆ తరవాత జరిగింది. నానమ్మ నుంచి వచ్చి ఉండొచ్చు కనక తోబుట్టువులు, పిల్లలు అందరూ పరీక్ష చేయించుకోండి అన్నారావిడ. మా నాన్నకి కోర్ యాంటీబాడీ పాజిటివ్, యాంటిజెన్ నెగెటివ్, లివర్ శుభ్రంగా ఉంది. తణుకులో ఉండే మా అత్తయ్యకి ఏకంగా యాంటిజెనే పాజిటివ్. డెబ్బై ఏళ్ళు ఒంట్లో పెట్టుకుని తిరిగింది, ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. డీఎన్ఏ లక్షల్లో ఉంది. ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటోంది, డీఎన్ఏ లెక్కకి అందనంతగా పడిపోయింది. దాక్కున్న దొంగ కోసం వెతికితే దర్జాగా అరుగు మీద కూర్చున్న దొంగ దొరికాడు. నాకూ, మా తమ్ముడికీ అన్నీ నెగెటివ్, మూడు ఇంజెక్షన్ల టీకా వేయించుకున్నాం.

పైన రెండుసార్లు చదవమన్న ముక్క ఇందుకే. అత్తయ్య రిపోర్టు రాగానే ఆవిడకి కంచం, గ్లాసు వేరే పెట్టారు ఇంట్లో. మనవల్ని దగ్గరికి రానివ్వలేదు. చదువుకున్న ఇల్లే. ఫోన్లో గంటసేపు చెప్పాల్సి వచ్చింది. విడిగా ఉంచుకోవలసినవి బ్లేడు, గోళ్ళు తీసే కత్తెర, టూత్‌బ్రష్షు, షుగరు పరీక్ష చేసుకునే సూది. కంచం కాదు, మనిషి అసలే కాదు.

ఇక రెండో ప్రమాదం. ఇది లివర్ జబ్బు లేని వాళ్ళకి కూడా వర్తిస్తుంది కనక కాస్త జాగ్రత్తగా వినండి. దాక్కున్న వైరస్‌కి కాపలా కాస్తున్నది మన రక్షక దళం అన్నాను కదా. కొన్ని మందులు ఆ దళాన్నే నిద్రపుచ్చుతాయి. క్యాన్సర్‌కి ఇచ్చే కీమోథెరపీ, అవయవ మార్పిడి తరవాత వాడే మందులు, ఎక్కువ మోతాదులో ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్లు, కీళ్ళ వాతానికి ఇచ్చే కొన్ని బయొలాజిక్ ఇంజెక్షన్లు. అన్నిటికంటే ముఖ్యంగా రిటక్సిమాబ్. లింఫోమాకీ, కొన్ని కీళ్ళ జబ్బులకీ వాడతారు. కోర్ యాంటీబాడీ ఉన్నవాళ్ళకి కాపు లేకుండా ఇది ఇస్తే నూటికి పదిమందికి పైగా వైరస్ మళ్ళీ లేస్తుందని అంచనా. ఒక్కోసారి మందు ఆపేసిన నెలల తరవాత లేస్తుంది. అలా లేచినప్పుడు లివర్ చేతులెత్తేసి ప్రాణం పోయినవాళ్ళు ఉన్నారు. అందుకే 2013లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందు పెట్టె మీద నల్లగీత కొట్టిన హెచ్చరిక పెట్టించింది: మొదలుపెట్టే ముందు అందరికీ హెపటైటిస్ బి యాంటిజెన్, కోర్ యాంటీబాడీ రెండూ చూడండి అని.

2016లో హెపటైటిస్ సి కొత్త మాత్రలకి కూడా అలాంటి హెచ్చరికే వచ్చింది. ఆ మాత్రలు అద్భుతమైనవి, సి ని రెండు మూడు నెలల్లో తుడిచేస్తాయి. కాని సి పోగానే, ఇన్నాళ్ళూ మూల కూర్చున్న బి కి చోటు దొరుకుతుంది. సుమారు రెండున్నరేళ్ళలో అలాంటి కేసులు 24 ఎఫ్‌డీఏ దృష్టికి వచ్చాయి. ఇద్దరు చనిపోయారు, ఒకరికి లివర్ మార్చాల్సి వచ్చింది. వాటిలో ఎక్కువ బి బయటికి కనబడుతున్న వాళ్ళవే అయినా, దాగి ఉన్నవాళ్ళకి కూడా జరగొచ్చు కనక వైద్యానికి ముందు పరీక్ష తప్పదు.

ఇందులో మంచివార్త ఏమిటంటే, ముందే తెలిస్తే దీన్ని ఆపటం తేలిక. రిటక్సిమాబ్‌తో పాటు ఎంటెకవిరో, టెనోఫోవిరో మొదలుపెట్టి, అది ఆపిన తరవాత కూడా కనీసం ఏడాది కొనసాగిస్తారు. రోజుకొక మాత్ర. తెలియకపోవటమే ఇక్కడ అసలు ప్రమాదం. మన అమ్మానాన్నలు అక్కడ ఒక డాక్టరు, ఇక్కడికొచ్చినప్పుడు ఒక డాక్టరు. ఒకరి ఫైలు ఇంకొకరికి అందదు. కీళ్ళ డాక్టరుకి లివర్ సంగతి, లివర్ డాక్టరుకి కీళ్ళ సంగతి మనం చెబితేనే తెలుస్తుంది.

అడగవలసినవి మూడు పరీక్షలు. సర్ఫేస్ యాంటిజెన్, వైరస్ ఇప్పుడు బయటికి కనబడుతోందా అని. సర్ఫేస్ యాంటీబాడీ, రక్షణ ఉందా అని. టోటల్ కోర్ యాంటీబాడీ, ఎప్పుడైనా సోకిందా అని. ఈ మూడోది నాకు భలే నచ్చుతుంది, అచ్చం మా సర్వర్లలో లాగ్ ఫైలు లాంటిది. టీకాలో ఉండేది చొక్కా మాత్రమే కనక, టీకా వేయించుకున్న వాళ్ళకి సర్ఫేస్ యాంటీబాడీ వస్తుంది గాని కోర్ యాంటీబాడీ రాదు. అది ఉందంటే అసలు వైరస్ ఏనాడో లోపలికి వచ్చి వెళ్ళింది, లేక వచ్చి ఉండిపోయింది. అలాగని కోర్ పాజిటివ్ అని చూడగానే బెంబేలు పడకండి. మన నాన్నల తరంలో చాలామందికి ఉంటుంది, వాళ్ళలో ఎక్కువమందికి ఏమీ కాదు. లివర్ జబ్బుగాని, రక్షణ తగ్గించే మందుగాని ఉంటేనే దాని తరవాతి మెట్టు డీఎన్ఏ పరీక్ష. ఇంకో మాట, దాగిన వైరస్ ఉన్న కొందరికి కోర్ యాంటీబాడీ కూడా ఉండదు. కారణం తెలియని లివర్ జబ్బు ఉన్నవాళ్ళకి డాక్టరు నేరుగా డీఎన్ఏ చూద్దామంటే అందుకే.

ఇండియా ల్యాబుల్లో చేయించేటప్పుడు ఒక చిన్న తిరకాసు. కోర్ యాంటీబాడీ అని ఊరికే అడిగితే ఒక్కోచోట ఐజీఎమ్ రకం చేసి పంపుతారు. అది ఈమధ్య సోకిందా అని చూసేది. మనకి కావలసింది టోటల్. చీటీ మీద "టోటల్" అని స్పష్టంగా రాయించండి. మా నాన్నకి రెండోసారి రక్తం ఇవ్వాల్సి వచ్చింది దీనివల్లే.

అమెరికాలో ఉన్న మనకి ఇదంతా వింత కోరిక కాదు. 18 ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ జీవితంలో ఒక్కసారైనా ఈ మూడు పరీక్షలూ కలిపి చెయ్యాలని 2023లో సీడీసీ సిఫారసు చేసింది. ఏటా చేసే రక్తపరీక్షలో లివర్ ఎంజైములు చూస్తారు గాని ఇవి చూడరు. అడగాలి. "నాకు ఎంజైములు నార్మల్ కదా" అంటారేమో, దాగిన వైరస్ ఉన్నా అవి నార్మల్‌గానే ఉండొచ్చు.

పిల్లల కోసం రెండు మాటలు. మీలో చాలామందికి ఈ టీకా పాలు తాగే వయసులోనే పడిపోయింది. అమెరికాలో పసిపిల్లలందరికీ దీన్ని 1991లో సిఫారసు చేశారు. ఇండియాలో దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలోకి వచ్చింది 2011లో. మధ్యలో ఇరవై ఏళ్ళ తేడా. ఆ తేడాలో పుట్టిన వాళ్ళే మీ కజిన్లు, హెచ్-1 మీద వచ్చిన మీ బాబాయిలు, పిన్నులు. ఇందులో మనం గర్వంగా చెప్పుకోవలసిన ముక్క ఒకటుంది. ఇండియాలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా మన హైదరాబాదుదే. కె.ఐ. వరప్రసాద రెడ్డి గారు 1993లో శాంతా బయోటెక్నిక్స్ మొదలుపెట్టి, 1997లో షాన్‌వాక్-బి అనే టీకాని మార్కెట్లోకి తెచ్చారు. వాళ్ళమ్మగారి పేరు మీద పెట్టిన కంపెనీ. అంతదాకా విదేశాల నుంచి వచ్చే టీకా మామూలు జీతగాడికి అందేది కాదు, ఆ తరవాత ధర దిగొచ్చింది. సైన్స్ ఫెయిర్‌కి ఏం చెయ్యాలో తోచకపోతే ఆ కథ మంచి సరుకు.

టీకా పడినవాళ్ళకి కాపు ఉంది. ఇప్పటికే సోకినవాళ్ళకి టీకా వల్ల ఉపయోగం లేదు, వాళ్ళకి కావలసింది పరీక్ష, అవసరమైతే మాత్ర. లివర్ దెబ్బతిన్న వాళ్ళు మద్యం మానటం, డాక్టరుకి చెప్పకుండా పసరులూ లేహ్యాలూ వాడకపోవటం, బూజు పట్టిన వేరుశనగలు పారెయ్యటం, ఇవి ఎలాగూ ఉన్నాయి. ఆ బూజులో ఉండే ఆఫ్లటాక్సిన్ అనే విషం, హెపటైటిస్ బి, రెండూ కలిస్తే లివర్ క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. చేదు తగిలిన పప్పుని చట్నీలో కలిపేసే పొదుపు మనవాళ్ళకి ఉంది, ఆ ఒక్క పొదుపు వద్దు.

ఈ వేసవికి అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్ళు ఈ మూడు పరీక్షలూ అక్కడే, విమానం ఎక్కకముందే చేయించండి. విజిటర్ ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ఇలాంటి పరీక్షలు రావు. రిపోర్టు ఫొటో తీసి మీ ఫోన్లో ఒకటి, వాళ్ళ ఫోన్లో ఒకటి పెట్టండి. కోర్ పాజిటివ్ అయితే వాళ్ళ మందుల చీటీ మీద పైనే, "అలర్జీలు" అని రాసే చోట పక్కనే, ఆ ముక్క రాయండి. ఎమర్జెన్సీలో ఎవరైనా మొదట చూసేది ఆ గడినే.